ముద్ద దిగకపోవడం 'రొటీనా'?

మా పిన్నమ్మ మిరప కోతల కూలి. 2020 జనవరిలో "అబ్బాయా, ముద్ద దిగట్లేదురా, గుండెల కాడ ఆగుతుంది" అంది. ఆర్ఎంపీ గ్యాసు బిళ్ళలిచ్చాడు. కోతలు పోతే కూలి పోద్దని రెండు నెలలు అవే మింగింది. చివరికి గుంటూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఎండోస్కోపీకి, అదే కెమేరా గొట్టం పరీక్షకి, మార్చి ఆఖరి వారంలో రమ్మన్నారు. మార్చి 25న దేశమంతా మూసేశారు. ఫోను చేస్తే ఒకటే మాట: "రొటీన్ కేసులు చూడటం లేదు."

ఎవరికయ్యా రొటీను? ఏడాదికోసారి ఒళ్ళు చూపించుకునేవాడికి రొటీను. మనోళ్ళు ఆసుపత్రి గడప తొక్కేదే రోగం ముదిరాక!

న్యాయంగానే మాట్లాడదాం. గొంతులోకి గొట్టం దించితే రోగి దగ్గుతాడు, తుంపర్లు లేస్తాయి, డాక్టరుకీ నర్సుకీ కరోనా అంటుకోవచ్చు. మామూలు పరీక్షలు వాయిదా వెయ్యమని డాక్టర్ల సంఘాలు చెప్పాయి. తప్పనను. కానీ రక్తం కక్కేవాళ్ళకి ఆపొద్దనీ, కాన్సర్ అనుమానముంటే మనిషిని బట్టి నిర్ణయించమనీ కూడా చెప్పాయి. మనిషిని బట్టి! ఫోనెత్తిన గుమాస్తాకి మా పిన్నమ్మ మనిషిలా ఎట్టా కనపడుద్ది? డాక్టరు నంబరు సెల్లులో ఉన్నవాడే ఆ రోజుల్లో మనిషి. పైగా మైకుల్లో 'సామాజిక దూరం' పాటించండన్నారు. పల్లెకీ గూడేనికీ ఆ దూరం కొత్తగా నేర్పాలా?

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు మే 21న కదిలింది. మందు షాపులు మే 4నే తెరిచారు, రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచి మరీ. విశాఖ జిల్లాలో ఆ క్యూలు సర్దడానికి మా పంతుళ్ళకే డ్యూటీలు వేశారు. తాగి తాగి కాలేయం చెడి రక్తం కక్కేవాడికి, ఉబ్బిన నరానికి కట్టు వెయ్యాలన్నా ఆ గొట్టమే కావాలి. సీసాకి పదిహేడు రోజులు ముందు, బస్సుకి వెనక! జూలై ఆఖర్న మన వినుకొండ పక్కనే కురిచేడులో, మందు దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు.

పిన్నమ్మకి జూన్‌లో పరీక్ష చేశారు. అన్నవాహికలో గడ్డ. ఆపరేషను దశ దాటిందన్నారు. మార్చిలో చేస్తే బతికేదా అంటే నేను డాక్టర్ని కాను. సంక్రాంతికి లేదు.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయింది, కలెక్టరు నరసరావుపేటకొచ్చాడు. ఎండోస్కోపీ జిల్లాలో ఏ సర్కారు ఆసుపత్రిలో, ఏ వారం చేస్తారో, రేపు ఇంకో మహమ్మారి వస్తే ఎవరి పరీక్ష ఆపాలో ఎవరు తేలుస్తారో బొల్లాపల్లి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాయించాలి. తండాల వాళ్ళనీ కలుపుకుని, వచ్చే మండల సమావేశానికి ఈ అర్జీ పట్టుకెళ్దాం. ముద్ద దిగనివాళ్ళు, నల్లగా విరేచనమయ్యేవాళ్ళు మీ పల్లెలో ఎవరున్నా ఈలోగా పేర్లు రాసి పెట్టండి, బిళ్ళలతో సరిపెట్టుకోనివ్వకండి.