రూపం మారవచ్చు, విలువ మారరాదు

సౌదీ అరేబియా మీదుగా పగటిపూట విమానంలో ప్రయాణించిన తెలుగు కుటుంబాలకు ఒక దృశ్యం సుపరిచితమే. కనుచూపు మేర పరచుకొన్న ఇసుకలో, ఎవరో వృత్తలేఖినితో గీచినట్లు, ఆకుపచ్చని వలయాలు బారులు తీరి కనిపిస్తాయి. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు "అవేమిటి?" అని అడగకుండా ఉండరు. అవి పంటపొలాలు. భూగర్భం నుండి తోడిన నీటిని, నడుమనున్న ఇరుసు చుట్టూ తిరిగే పొడవైన గొట్టం ద్వారా చిలకరించడం వలన పొలానికి ఆ వలయాకారం వచ్చింది. ఒక్కొక్క వలయం సుమారు ఒక కిలోమీటరు వెడల్పు ఉంటుంది.

అయితే ఆ వలయాలు ఎప్పటినుండి ఉన్నాయి, ఎన్ని పెరిగాయి, ఎన్ని ఎండిపోయాయి అన్న ప్రశ్నలకు విమానపు కిటికీ సమాధానం చెప్పలేదు. ఆ సమాధానం ఉపగ్రహాల వద్ద ఉన్నది. ఈ దేశపు ఉత్తర భాగంలో, జోర్డాన్ సరిహద్దుకు సమీపంలో, వాదీ అస్సర్హాన్ అనే విశాలమైన పల్లపు ప్రాంతం ఉన్నది. 1987 నుండి 2012 వరకు ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలను వరుసగా పేర్చి చూస్తే, ఇసుక నేలమీద పచ్చని చుక్కలు వందలకొద్దీ మొలకెత్తిన వైనం స్పష్టంగా తెలుస్తుంది. ఆ పచ్చదనానికి ఆధారమైన నీరు నేటి వర్షపు నీరు కాదు. వేలాది సంవత్సరాల క్రితం, మంచుయుగ కాలంలో కురిసి ఇసుకరాతి పొరలలో నిలిచిపోయిన ప్రాచీన జలమది. తోడిన కొద్దీ తరగుతుందే తప్ప, తిరిగి నిండే అవకాశం దాదాపు లేదు. 1990ల ఆరంభానికి గోధుమలను ఎగుమతి చేసే స్థాయికి చేరిన ఈ దేశం, నీటి కొరతను గుర్తించి 2008లో ఆ సేద్యాన్ని క్రమంగా తగ్గించాలని నిర్ణయించింది.

ఇటువంటి నిర్ణయాలు సరియైనవా కావా అని రేపటి తరం తూచి చూడాలంటే నిన్నటి చిత్రాలు కావాలి. ఆ చిత్రాలు భద్రంగా ఉండటం మాత్రమే చాలదు. వాటిని తెరవగలగాలి, తెరిచినప్పుడు వాటిలోని అంకెలు, అవి చెందిన స్థలం యథాతథంగా ఉండాలి. ఈ అంశానికి మన విద్యావంతులు కూడా ఇవ్వవలసినంత ప్రాముఖ్యం ఇవ్వడం లేదు.

చిత్రం కాదు, అంకెల పట్టిక

ఉపగ్రహ చిత్రం మనం పెళ్ళిలో తీయించుకొనే ఫోటో వంటిది కాదు. భూమిని చిన్న చిన్న చతురస్రపు గడులుగా విభజించి, ఒక్కొక్క గడి నుండి ఎంత కాంతి పరావర్తనం చెందిందో, లేదా ఆ గడి ఎంత ఎత్తున ఉన్నదో అంకెలలో నమోదు చేసిన పట్టిక అది. దీనినే రాస్టర్ అంటారు. ఎరుపు, ఆకుపచ్చ, కంటికి కనిపించని పరారుణం వంటి ఒక్కొక్క కాంతి పట్టీకి ఒక్కొక్క పట్టిక ఉంటుంది.

ఈ అంకెలను ఏ క్రమంలో పేర్చాలి, వాటితోపాటు ఏ వివరాలు రాయాలి అని చెప్పే నియమావళియే ఫైలు రూపం, అనగా ఫార్మాట్. పెళ్ళి పందిరిలోని బంతి భోజనాన్ని తలచుకొంటే పేర్చే క్రమం సులభంగా బోధపడుతుంది. విస్తళ్ళు వరుసలుగా వేసి ఉన్నాయి. పప్పు, కూర, పులుసు వడ్డించాలి. పందిరిలోని విస్తళ్ళన్నిటికీ మొదట పప్పు, ఆ తరువాత అన్నిటికీ కూర, చివరకు పులుసు వడ్డించడం ఒక పద్ధతి. ఒక వరుసకు మూడూ పూర్తిచేసి తరువాతి వరుసకు వెళ్ళడం రెండవ పద్ధతి. ఒక్కొక్క విస్తరిలో మూడూ వడ్డించి పక్క విస్తరికి కదలడం మూడవ పద్ధతి. ఉపగ్రహ చిత్రాలలోనూ ఈ మూడు పద్ధతులూ ఉన్నాయి. వాటిని క్రమంగా బి.ఎస్.క్యూ., బి.ఐ.ఎల్., బి.ఐ.పి. అంటారు. వడ్డించినవాడు ఒక పద్ధతిని, చదివేవాడు మరొక పద్ధతిని అనుసరిస్తే పప్పును పులుసుగా భ్రమించవలసి వస్తుంది. అంకెలు అవే, అర్థం మాత్రం తారుమారు.

మూడు మాటల ఆదేశం

ఈ చిక్కును తీర్చడానికి ఫ్రాంక్ వార్మర్‌డామ్ అనే కెనడా దేశీయుడు 1998లో ఒక ఉపకరణాన్ని నిర్మించడం ప్రారంభించాడు. దాని పేరు జి.డి.ఎ.ఎల్.; వాడుకలో జీడాల్. నూటికి పైగా రాస్టర్ రూపాలను అది చదవగలదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును. దాని మూలాన్ని పరిశీలించి సరిదిద్దవచ్చును కూడా. ఖరీదైన పటనిర్మాణ సాఫ్ట్‌వేర్లు సైతం లోలోపల దానిపై ఆధారపడుతున్నాయి.

దానితో పని చేయడానికి మౌస్ అక్కరలేదు. నల్లని తెరపై ఒక వాక్యం టైపు చేస్తే చాలును. ఉదాహరణకు రియాద్ నగరపు భూమి ఎత్తుల ఫైలును తీసుకొందాం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో భూమి ఎత్తులను కొలిచింది. ఆ కొలతలు ఒక్కొక్క డిగ్రీకి ఒక ఫైలుగా నేడు అందరికీ ఉచితంగా లభిస్తున్నాయి. రియాద్ ఫైలు పేరు ఎన్24ఇ046. అనగా 24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 46 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే మూల నుండి మొదలయ్యే గడి. హైదరాబాదుది ఎన్17ఇ078. రియాద్ ఫైలు రూపాన్ని మార్చే ఆదేశం ఇంతే:

జీడాల్_ట్రాన్స్‌లేట్ ఎన్24ఇ046.హెచ్‌జీటీ రియాద్.టిఫ్

కంప్యూటరులో దీనిని ఆంగ్లాక్షరాలతోనే టైపు చేయాలి. మొదటి మాట పని పేరు, రెండవది ఉన్న ఫైలు, మూడవది కావలసిన ఫైలు. ఫలితంగా జియోటిఫ్ అనే రూపంలో కొత్త ఫైలు పుడుతుంది. 1990ల నడుమ రూపొంది, 2019లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన జియోటిఫ్‌లో అంకెలతోపాటు వాటి స్థలం కూడా ఫైలు లోపలే నమోదై ఉంటుంది. 2025లో వెలువడిన జీడాల్ విడతలో "జీడాల్ రాస్టర్ కన్వర్ట్" అనే కొత్త ఆదేశం కూడా చేరింది. అయినా పాత ఆదేశం పని చేయడం మానలేదు.

నిశ్శబ్దంగా జరిగే నష్టం

ఇంత సులభమైతే చింత ఎందుకని ఎవరైనా అడగవచ్చును. రూపం మార్చడం సులభమే. మార్చినప్పుడు ఏమి పోయిందో గుర్తించడమే కష్టం. రియాద్ ఫైలులోనే మూడు నిదర్శనాలు చూడవచ్చును.

మొదటిది అంకెలోని బైట్ల వరుస. రియాద్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ 600 అనే సంఖ్యను కంప్యూటరు రెండు బైట్లలో, 2 మరియు 88గా రాస్తుంది. రెండును 256తో గుణించి 88 కలిపితే 600. ఆ రెండు బైట్లను వెనుకముందుగా చదివితే 22,530 అవుతుంది. అనగా రియాద్ ఎవరెస్టు శిఖరానికి రెండింతలకు పైగా ఎత్తున నిలుస్తుంది! జీడాల్ ఈ వరుసను తానే సరిగా గ్రహిస్తుంది. సొంతంగా ప్రోగ్రాము రాసుకొనే విద్యార్థి మాత్రం తరచుగా ఇక్కడే బోల్తా పడతాడు.

రెండవది ఫైలు పేరు. ఆ ఎత్తుల ఫైలులో అంకెలు తప్ప మరేమీ లేవు. దాని స్థలం దాని పేరులో మాత్రమే ఉన్నది. గుర్తుండటానికని ఎవరైనా దానికి "మా ఊరు" అని పేరు మార్చితే, ఆ కోటీ ముప్పై లక్షల అంకెలు భూమి మీద ఏ చోటివో ఇక చెప్పలేము. ఇంటిపేరూ ఊరిపేరూ మరచిపోయిన బాటసారి స్థితి వాటిది.

మూడవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, జేపెగ్ మోజు. ఈమెయిలులో పంపడానికి వీలుగా ఉంటుందని ఎత్తుల ఫైలును జేపెగ్‌గా మార్చేవారు ఉన్నారు. సాధారణ జేపెగ్‌లో ఒక గడికి 0 నుండి 255 వరకే విలువ పడుతుంది. దానిని మించినవన్నీ 255గా కుదించుకుపోతాయి. అప్పుడు 600 మీటర్ల రియాద్, రెండు వేల మీటర్లు దాటిన అభా కొండలు, ఐదు వందల మీటర్లకు పైబడిన హైదరాబాదు అన్నీ ఒకే ఎత్తున సమానమైపోతాయి. 255 లోపు విలువలకూ రక్షణ లేదు. ఫైలును చిన్నది చేయడానికి జేపెగ్ పక్కపక్క గడుల విలువలను కొద్దిగా సవరిస్తుంది. ఆ తేడా కంటికి తెలియదు కాని లెక్కకు తెలుస్తుంది.

ఈ కొద్దిపాటి తేడా ఎంతటి విషయమో జెద్దావాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2009 నవంబరు 25న కురిసిన కుంభవృష్టికి ఆ నగరంలో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తూర్పున కొండలు, పడమట సముద్రం, నడుమ నగరం. వాగులు ఆ నడుమనుండే దిగిరావాలి. ఏ వీధి పల్లం, ఏ వీధి మెరక అన్నది కొద్ది మీటర్ల తేడాతో నిర్ణయమయ్యే చోట, ఎత్తుల పట్టికను అందమైన బొమ్మగా మార్చి దాచుకోవడం అవివేకం. మూసీ వరదలను తరతరాలుగా ఎరిగిన హైదరాబాదుకూ ఇదే పాఠం వర్తిస్తుంది.

ఆక్షేపణలకు సమాధానం

మౌస్‌తో నొక్కితే అయ్యే పనికి ఈ టైపు చేసే శ్రమ ఎందుకని కొందరు ఆక్షేపిస్తారు. ఒక్క చిత్రం మాత్రమే ఉన్నప్పుడు ఆ మాట నిజమే. వందల చిత్రాలను ఒకే తీరుగా మార్చవలసినప్పుడు, మూడువందలవ చిత్రం దగ్గర అలసిన చేయి పొరపడుతుంది. అంతకంటె ముఖ్యమైనది, నొక్కిన మీట జాడ మిగల్చదు. రాసిన ఆదేశం మిగులుస్తుంది. పదేళ్ళ తరువాత ఎవరైనా "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగితే ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం చెబుతుంది. అమ్మమ్మ ఆవకాయ రుచి అందరికీ తెలుసు. కొలతలు రాసి పెట్టుకొన్న ఇంట్లోనే ఆ రుచి తరువాతి తరానికి అందుతుంది.

చిత్రాలన్నీ నేడు ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి కదా, దాచుకోవడం ఎందుకన్నది రెండవ ఆక్షేపణ. అక్కడ ఉన్నవి కూడా ఎవరో ఒకరు శ్రమపడి రూపం మార్చి భద్రపరచినవే. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ పరంపరలోని సంకేతాలను అనేక దేశాల భూకేంద్రాలు అందుకొన్నాయి. 1979 నుండి మన షాద్‌నగర్ కేంద్రం, ఆ తరువాత రియాద్ కేంద్రం ఆ జాబితాలోనివే. ఒక్కొక్క కేంద్రం తన టేపులపై తనకు అనువైన రూపంలో రాసుకొన్నది. ఆ చిత్రాలను ఒకచోట చేర్చే పనిని అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2010లో చేపట్టింది. పాత టేపులు చదివి, రూపాలు మార్చి, లక్షలాది చిత్రాలను తిరిగి వెలుగులోకి తెచ్చింది. ఆ టేపులను చదివే యంత్రాలు, వాటి రూపాలు తెలిసిన మనుషులు ముందే కనుమరుగై ఉంటే, ఎడారి గతచరిత్రలో కొన్ని పుటలు శాశ్వతంగా చినిగిపోయి ఉండేవి.

చేయవలసినది

సర్వే, చమురు, నిర్మాణ, నీటిపారుదల రంగాలలో పనిచేస్తూ ఇటువంటి చిత్రాలను నిత్యం చూసే తెలుగువారు ఈ దేశంలో తక్కువేమీ కాదు. వారు పాటించదగిన నియమాలు మూడు. మూల ఫైలును ఎన్నడూ తాకక, పేరైనా మార్చక, యథాతథంగా ఉంచాలి. జియోటిఫ్ వంటి బహిరంగ ప్రమాణంలో ఒక ప్రతిని తయారుచేసి, అందులో స్థలం, కొలత లేని గడుల గుర్తు సరిగా చేరాయో లేదో జీడాల్‌ఇన్ఫో అనే ఆదేశంతో సరిచూడాలి. వాడిన ఆదేశాన్ని ఒక మామూలు పాఠ్యపు ఫైలులో రాసి పక్కనే ఉంచాలి. రూపం మార్చినంత మాత్రాన తప్పుడు కొలత ఒప్పు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఉన్న నిజాన్ని చెడగొట్టకుండా చేరవేయడమే దీని పరిధి.

పెద్దలకంటె పిల్లలకు ఇది మరింత అవసరం. ఇక్కడి పాఠశాలలలో చదివే మన పిల్లలు కంప్యూటరును బాల్యం నుండే ఎరుగుదురు. తెరమీద కనిపించే బొమ్మ వెనుక అంకె ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే. వేసవి సెలవులలో ఒక పూట కేటాయించి, తాము నివసించే నగరపు ఎత్తుల ఫైలును, తాతగారి ఊరి ఫైలును తెచ్చి, రూపం మార్చి, రెండింటిలోని అంకెలను పోల్చి చూడమని వారికి చెప్పవచ్చును. ఖర్చు ఏమీ లేదు. భూగోళం, గణితం, కంప్యూటరు శాస్త్రం మూడూ ఒకే బల్లమీద కలుస్తాయి.

అలా నేర్చిన పిల్లవాడు తదుపరి ప్రయాణంలో విమానపు కిటికీ నుండి ఆ పచ్చని వలయాలను చూసినప్పుడు "అవేమిటి?" అని అడగడు. "నిరుటికంటె పెరిగాయా, తగ్గాయా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల చిత్రాన్ని చెక్కుచెదరకుండా అతనికి అందించడం పెద్దల బాధ్యత.