చిప్ గీసేవాళ్లున్నారు, కొనేవాళ్లేరీ?

సెమీకండక్టర్ అన్న మాట వస్తే చాలు, మన దగ్గర చర్చంతా ఏ ఫ్యాక్టరీ ఏ రాష్ట్రానికి పోయిందన్న దాని చుట్టూనే తిరుగుతుంది. గుజరాత్‌లోని ధోలేరాలో తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి టాటాలు 91,000 కోట్ల రూపాయలతో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ (ఫ్యాబ్) కడుతున్నారు. సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో మళ్లీ టాటాలు. కొంగర కలాన్‌కు వస్తుందనుకున్న కేన్స్ ప్యాకేజింగ్ యూనిట్ సాణంద్‌కు తరలిపోతే తెలంగాణలో కొన్నాళ్లు ఒకరినొకరు ఆడిపోసుకున్నారు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో 468 కోట్ల ప్యాకేజింగ్ యూనిట్‌కు కేంద్రం పచ్చజెండా ఊపితే అటువైపు సంబరపడ్డారు. ఫ్యాక్టరీలు రావాల్సిందే, వద్దనను. కానీ ఈ హడావుడిలో పడి, నలభై ఏళ్లుగా మనం చేస్తున్న పనిలోంచి మనకు రావాల్సింది వస్తోందా అని అడిగేవాళ్లు కనిపించడం లేదు.

నేను చెప్పేది డిజైన్ గురించి. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైన్ సెంటర్ తెరిచింది. అప్పటినుంచీ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇవాళ ఏఎండీ, క్వాల్‌కామ్, ఎన్విడియా, ఇంటెల్, మైక్రాన్ అన్నీ హైదరాబాద్‌లో ఉన్నాయి. ప్రపంచంలో చిప్ డిజైన్ చేసే ఇంజినీర్లలో ఐదో వంతు మనవాళ్లేనని కేంద్ర మంత్రులు ప్రతి సభలోనూ చెబుతుంటారు. అది నిజమే. మాదాపూర్‌లో ఒక విదేశీ కంపెనీ డిజైన్ సెంటర్‌లో చాలా ఏళ్లు వెరిఫికేషన్ పని చేసినవాణ్ణి, ఆ ఐదో వంతులో నేనూ ఒకణ్ణి. వెరిఫికేషన్ అంటే, ఇంకొకరు రాసిన డిజైన్ ఎక్కడ తప్పుతుందో చిప్ తయారీకి వెళ్లకముందే వెతికి పట్టుకోవడం. ఒక చిప్ మీద పడే శ్రమలో సగానికి పైగా ఇదే తినేస్తుంది. జీతం బాగుండేది, టేపౌట్ అయిన రోజున, అంటే డిజైన్ పూర్తయి తయారీకి వెళ్లిన రోజున, కేకులు కోసేవాళ్లం. అయితే ఏ చిప్ చేయాలి, ఎవరికోసం చేయాలి, ఎంతకు అమ్మాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబులు మాత్రం కాలిఫోర్నియా నుంచి స్పెక్ రూపంలో వచ్చేవి. ఊరందరికీ ఇళ్లు కట్టి, తాను అద్దె కొంపలో ఉండే మేస్త్రీ పరిస్థితి మాది.

ఉద్యోగం వదిలేశాక కుషాయిగూడలో చిన్న షెడ్డు తీసుకుని బోర్డులు డిజైన్ చేసి ఇస్తున్నాను. నాకు తిండి పెడుతున్న వాటిలో పెద్దది రైతులు మొబైల్ స్టార్టర్ అని పిలిచే పెట్టె. ఫోన్ చేస్తే బోరు మోటార్ ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. దాని మూత తీస్తే ఒక పక్క కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, ఇంకో పక్క అరచేయంత బోర్డు. బోర్డు మీద సిమ్ కార్డు మాడ్యూల్, మూడు ఫేజుల వోల్టేజీ చూసే రెసిస్టర్ల వరస, మోటార్ వైరు దూరిపోయే కరెంట్ కాయిల్, వీటన్నిటికీ నడుమ చిటికెన వేలి గోరంత మైక్రోకంట్రోలర్. ఒక ఫేజు పోతే మిగతా రెండిట్లో కరెంట్ ఎగబాకి వైండింగ్ మాడిపోతుంది, దాన్ని క్షణాల్లో పసిగట్టాలి. బోరులో నీళ్లు ఇంకిపోతే లోడ్ తగ్గి కరెంట్ పడిపోతుంది, ఒట్టిగా తిరిగి మోటార్ పాడవకముందే ఆపాలి. ఎండాకాలం పొలంలో ఆ రేకు పెట్టె లోపల వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా చీమలు గూడు కడతాయి, బల్లులు కాంటాక్టర్ సందులో దూరతాయి. ఏ డేటాషీట్‌లోనూ బల్లుల ప్రస్తావన ఉండదు.

ఆ గోరంత చిప్ మనది కాదు. 2021లో ప్రపంచమంతా చిప్‌లకు కటకట వచ్చినప్పుడు మామూలుగా వంద, నూటయాభైకి దొరికే మైక్రోకంట్రోలర్‌కు వెయ్యి పైన అడిగారు. అదీ దొరికితేనే. డిస్ట్రిబ్యూటర్‌కు ఆర్డర్ పెడితే 52 వారాలు ఆగమన్నాడు. ఒక్క చిప్ లేక, మిగతా సామానంతా రెడీగా ఉన్న పెట్టెలు షెడ్డులో గుట్టగా పడి ఉండేవి. కార్ల కంపెనీల గోల పేపర్లలో వచ్చింది, మా గోల ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు అసలు లెక్క, అంటే ఇలాంటి చిప్‌లు ఎన్ని కావాలో, చూద్దాం. తెలుగు రాష్ట్రాలు రెండిట్లో కలిపి వ్యవసాయ కనెక్షన్లు నలభై లక్షలకు పైమాటే. దేశమంతా 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకం కింద కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. (ఆ మీటర్ల మీద నడుస్తున్న రాజకీయం వేరే కథ, దాని జోలికి ఇక్కడ పోను.) ప్రతి మీటర్‌లోనూ కరెంటును కొలిచే చిప్ ఒకటి ఉంటుంది, ఎక్కువ మీటర్లలో అది విదేశాలదే. ఇక సీలింగ్ ఫ్యాన్లు. 75 వాట్లు తాగే పాత ఫ్యాన్ స్థానంలో 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ వస్తోంది. అందులో మోటార్‌ను తిప్పేది ఎలక్ట్రానిక్ బోర్డే, దాని మీదా చిప్పే.

ఈ చిప్‌లకు 5 నానోమీటర్లు, 3 నానోమీటర్లు అక్కర్లేదు. మూడు వోల్టేజీలు, మూడు కరెంట్లు కచ్చితంగా కొలిచి, చిన్న ప్రాసెసర్‌తో నిర్ణయం తీసుకునే చిప్‌కు 110, 180 నానోమీటర్ల పాత టెక్నాలజీ సరిపోతుంది. ధోలేరా ఫ్యాబ్ చేస్తానంటున్నవి 28 నుంచి 110 నానోమీటర్లే. మొహాలీలోని ప్రభుత్వ ల్యాబ్ 180 నానోమీటర్లలో చేస్తోంది. ప్రాసెసర్ కోర్ కోసం ఎవరికీ లైసెన్సు ఫీజు కట్టనక్కర్లేదు, రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ నమూనా అందరిదీ, దాని మీద ఐఐటీ మద్రాస్ చేసిన ‘శక్తి’ ఉండనే ఉంది. ఏఐ చిప్ అంటే వచ్చే చప్పట్లు మీటర్ చిప్ అంటే రావు, అంతే తేడా.

చప్పట్లు రాని పనులతోనే తైవాన్ ఎదిగింది. ఇవాళ ఫోన్ చిప్‌లలో దిగ్గజమైన మీడియాటెక్ 1997లో మొదలైనప్పుడు చేసింది సీడీ డ్రైవ్‌లకు చిప్‌లు. ఆ తర్వాత డీవీడీ ప్లేయర్లు, ఆ తర్వాత చవక ఫోన్లు. సొంత ఫ్యాబ్ దానికి ఈనాటికీ లేదు. ఎన్విడియాకూ లేదు, క్వాల్‌కామ్‌కూ లేదు.

మన దగ్గర ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1999లో హైదరాబాద్‌లో పుట్టిన మాస్‌చిప్ కంప్యూటర్ పోర్టులకు సొంత చిప్‌లు చేసి అమ్మింది. తర్వాత ఆ చిప్‌ల లైన్ తైవాన్‌కు చెందిన అసిక్స్ చేతికి పోయింది, మాస్‌చిప్ ఇతరులకు డిజైన్ చేసిపెట్టే సేవల వైపు మళ్లింది. రెడ్‌పైన్ సిగ్నల్స్‌ది ఇంకో కథ. హైదరాబాద్ ఇంజినీర్లు చేసిన దాని వైఫై వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మనవాళ్లు చేసిన సరుకుకు విలువ లేదనేవాళ్లు ఆ అంకె చూడాలి. కాకపోతే ఆ విలువ కట్టిందీ బయటివాళ్లే.

ప్రభుత్వం ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. డిజైన్‌కు ఖర్చు పెట్టినదాంట్లో సగం, గరిష్ఠంగా 15 కోట్ల దాకా తిరిగి ఇచ్చే పథకం 2021 చివర్లో వచ్చింది. లక్షల్లో ఉండే డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులను ప్రభుత్వ సంస్థ సీడాక్ ద్వారా కాలేజీలకు అందిస్తున్నారు. విద్యార్థులు గీసిన చిప్‌లు కొన్ని మొహాలీలో తయారై వాళ్ల చేతికే వచ్చాయి, పదేళ్ల కిందట ఊహకందని సంగతి ఇది. ఇంకోవైపు మా షెడ్డుకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చే ఈసీఈ పిల్లలు ల్యాబ్‌లో చేసింది చెప్పమంటే 8051 కిట్ మీద ఎల్ఈడీ వెలిగించామంటారు. అది 1980 నాటి చిప్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకునేది వెరిఫికేషన్, ఎందుకంటే ఉద్యోగాలు అందులో ఉన్నాయి. వాళ్ల తప్పు కాదు. అనలాగ్ డిజైనర్ కావాలంటే మాత్రం వెతికి వెతికి అలసిపోవాలి. కరెంటును కొలిచే చిప్‌లో కష్టమంతా ఆ అనలాగ్ భాగంలోనే ఉంది, అది రెండు మూడు టేపౌట్లలో దెబ్బలు తింటే తప్ప ఒంటబట్టదు.

ఆ టేపౌట్లు జరగాలంటే ఎవరో ఒకరు కొనాలి. నా బాధంతా ఇక్కడే. ఆ డిజైన్ పథకం ఐదేళ్లలో కనీసం 20 దేశీ కంపెనీలను 1,500 కోట్ల టర్నోవర్ దాటించాలని లక్ష్యం పెట్టుకుంది. గీయడానికి డబ్బిస్తే అమ్మకం దానంతటదే జరుగుతుందనుకున్నట్టుంది. మన చరిత్ర అలా చెప్పడం లేదు. 1967లో హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది, మా కుషాయిగూడ ఈ రూపం ఎత్తింది దాని పుణ్యమే. పెట్టించిందీ కొన్నదీ అణుశక్తి శాఖే. అక్కడ తయారైన సరుకును వాడతామని ముందే మాటిచ్చింది. 2025 సెప్టెంబరులో ప్రధానికి బహూకరించిన ‘విక్రమ్’ ప్రాసెసర్ సంగతీ అంతే. 180 నానోమీటర్లలో మొహాలీలో తయారైన ఆ చిప్ రాకెట్లలో పెట్టుకోవడానికి ఇస్రో ఉంది. ఇస్రో లేకపోతే విక్రమ్ లేదు.

మీటర్‌కు ఇస్రో ఎవరు? డిస్కమ్‌లే, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలే. కానీ ఇప్పుడున్న టెండర్ పద్ధతిలో మీటర్ దేశీయమా కాదా అన్నది విలువ శాతాన్ని బట్టి తేలుస్తారు. సగం విలువ ఇక్కడిదైతే మొదటి తరగతి దేశీ సరఫరాదారు అయిపోవచ్చు. వేలల్లో ధర ఉన్న మీటర్‌లో కొలిచే చిప్ ఖరీదు పదుల్లోనో వందలోనో ఉంటుంది. ప్లాస్టిక్ పెట్టె, టెర్మినళ్లు, అసెంబ్లీ కూలీ కలిపితేనే శాతం దాటేస్తుంది. చిప్ ఎక్కడిదన్నది ఎవరూ అడగరు. చిప్ మారిస్తే మీటర్‌ను మళ్లీ టైప్ టెస్టులకు, అంటే మోడల్ ఆమోద పరీక్షలకు, పంపాలి, నెలలు పోతాయి, అందుకని తయారీదారు కూడా పాత చిప్‌నే పట్టుకుని కూర్చుంటాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఇకముందు డిస్కమ్‌లు పిలిచే మీటర్ టెండర్లలో పదో వంతు మీటర్లకు ఇక్కడ డిజైన్ అయిన చిప్ ఉండాలని ఒక్క షరతు. అలాంటి మీటర్ల టైప్ టెస్టు ఖర్చు ప్రభుత్వానిది. ఎక్కడ గీశారు, ఆ డిజైన్ హక్కులు ఎవరి పేరిట ఉన్నాయన్నది అడగాలి, ఎక్కడ తయారు చేశారన్నది కాదు. హక్కులు కాలిఫోర్నియాలో ఉండి పని మాత్రం మాదాపూర్‌లో జరిగితే లెక్కలోకి రాకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరు ముందుకొస్తే ఆ రాష్ట్రంలో నాలుగైదు చిన్న చిప్ కంపెనీలు నిలబడతాయి. ఫ్యాక్టరీకి ఇచ్చే రాయితీల్లో ఇది ఓ మూలకు రాదు.

సచివాలయంలో ఒక పెద్దాయన ముందు ఈ ముక్క పెడితే, ‘చిప్ ఫెయిలైతే బాధ్యులెవరండీ?’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి లాట్‌లో కొన్ని ఫెయిలవుతాయి కూడా, విదేశీ చిప్‌లకూ ఆ దశ ఉంటుంది, మనకు కనబడదంతే. ఆర్‌డీఎస్ఎస్ కింద స్మార్ట్ మీటర్ల కాంట్రాక్టుల్లో మీటర్లు పెట్టిన సంస్థే ఏళ్ల తరబడి వాటిని నడపాలి, పాడైనవాటిని మార్చాలి. ఆ బాధ్యత ఎవరిదో కాగితం మీద ఎప్పుడో రాసే ఉంది, కొత్తగా రాయాల్సింది ఆ పదో వంతు షరతొక్కటే.