తిట్టుకోండి, కానీ ఆడండి

రిఫరీని తిట్టడం ఫుట్‌బాల్ అభిమాని జన్మహక్కు. నేనూ తిడతాను. కానీ 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్ గుర్తుందా? మన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా వాలీతో 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. ఇక పెనాల్టీలే.

నిషు కుమార్ కిక్‌ని మన కీపర్ కట్టిమణి ఆపేశాడు. రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. ఏందబ్బా ఇది! కానీ రూల్ రూలే: బంతిని తన్నే క్షణానికి కీపర్ ఒక పాదమైనా గోల్ లైన్ మీద గానీ దాని వెనక గానీ ఉండాలి. కట్టిమణి వెనక్కెళ్లి నిలబడ్డాడు, మళ్లీ ఆపాడు. మొత్తం మూడు ఆపి 3-1తో కప్పు గెలిపించాడు.

మరుసటి ఏడాది మార్చి 3న బెంగళూరులో ప్లేఆఫ్. కేరళ గోడ కట్టేలోపే ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు. వీఏఆర్ లేదు. కేరళ కోపంలో న్యాయం ఉందనే నేనంటాను. కానీ వాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు. ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట మిగిలే ఉంది! మ్యాచ్ పోయింది, పైగా 4 కోట్ల జరిమానా.

మా మైపాడు బీచ్‌లో చెప్పులే గోల్‌పోస్టులు, రిఫరీయే ఉండడు. లైన్ దాటింది, దాటలేదు అని పిల్లలు గొంతు చించుకుంటారు, మళ్లీ ఆడతారు. అరవండి తమ్ముళ్లూ, తప్పులేదు. బంతి చంకన పెట్టుకుని ఇంటికి మాత్రం పోవద్దు.