వడ్రంగమంటే చిన్నతనమా?

మొన్నటి సమావేశంలో పిల్లలకు వారానికొక గంట వడ్రంగం నేర్పిద్దామని మేమంటే, "ఇందుకా సముద్రాలు దాటి వచ్చాం?" అని ఒక పెద్దాయన నవ్వారు.

మనం విమానమెక్కి వచ్చాం, సరే. మనకు ముందు బర్మా వెళ్ళినవాళ్ళను అక్కడ 'కోరంగీలు' అన్నారు. కోరంగి గోదావరి సముద్రంలో కలిసేచోటి రేవు, ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు తుఫాను దాన్ని ముంచినా, పక్కనున్న తాళ్ళరేవులో కర్ర ఓడల పని ఆగలేదు.

అది తేలిక పనా? ఓడ పక్కటెముకకు తిన్నని దుంగను వంపుగా కోస్తే పీచు తెగి బలం పోతుంది. అందుకే సహజంగా వంగిన కొమ్మను వెదుకుతారు. పొడవు చాలని దూలాలను ఏటవాలుగా చెక్కి అతుకుతారు. పలకల సందుల్లో పత్తి కూరుతారు. నీటికి చెక్క ఉబ్బి సందు బిగుస్తుంది. అంచనా తప్పితే ఓడ మునుగుతుంది.

విరిగిన ఎముకలు అతికే మేము, మా అతుకే గొప్పదని చెప్పలేము. మా చేతిపనికి గౌరవం, వారి చేతిపనికి కూలి! తేడా పనిలో లేదు, మన చూపులో ఉంది.

ఉగాదికి నాట్యానికి వేదిక ఇచ్చే సంఘం ఉలికి ఒక బల్ల ఇవ్వలేదా? గంట మీరివ్వండి. ఉలి, బాడిస మేము తెస్తాం.