సరంగు నీళ్ళలో పడితే?

జాక్వెలిన్ బిసెట్ పేరెత్తితే కొందరు పెద్దమనుషుల కళ్ళలో ఇప్పటికీ ఓ మెరుపు మెరుస్తుంది! 1977లో విడుదలైన ‘ది డీప్’ చేసిన ఘనకార్యం అది. తడిసిన తెల్ల బనీనుతో ఆవిడ నీళ్ళలో ఈదే దృశ్యం ఆ నిర్మాతకి ఎంత సొమ్ము తెచ్చిపెట్టిందో ఎవరూ లెక్క కట్టలేరు. పీటర్ యేట్స్ దర్శకత్వం, నిక్ నోల్టే, రాబర్ట్ షా... ఇవన్నీ తరవాత గుర్తొచ్చే సంగతులు.

కథ జరిగేది బెర్ముడాలో. కానీ చూశారూ, అందులో కనిపించే మునిగిన ఓడ దృశ్యాలు కొన్ని తీసింది అక్కడ కాదు. దూరాన, కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో! అది ప్లైవుడ్ సెట్టింగూ కాదు. ‘రోన్’ అనే నిజం ఓడ. ఇంగ్లండు తపాలా మోసే స్టీమరు. 1867 అక్టోబరు 29న తుపానులో చిక్కుకుని, సాల్ట్ ఐలండ్ అనే చిన్న దీవి దగ్గర రాళ్ళకి కొట్టుకుని విరిగి మునిగింది. వందమందికి పైగా పోయారు. ఆ శిథిలం మధ్యనే నూటపదేళ్ళ తరవాతి ప్రేక్షకుల కోసం హీరో హీరోయిన్లు ఈదారన్నమాట!

ఈ వారం కబుర్లు ఆ దీవుల గురించే. అయితే తారల గురించి కాదు. పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని, వారం రోజులకి తెరచాప పడవ అద్దెకి తీసుకుని, దీవి నుంచి దీవికి తామే నడుపుకుంటూ తిరిగే సంసారుల గురించి.

పడవ షికారు మనకేం కొత్త కాదు. 1973లో బాపు రమణలు ‘అందాల రాముడు’లో అక్కినేనిని లాంచీ ఎక్కించి గోదారి మీద భద్రాచలం దాకా తీసుకెళ్ళారు. కానీ ఒక్క సంగతి. అక్కడ లాంచీ నడపడానికి వేరే మనుషులున్నారు. పాటలు పాడుకోవడం, అలగడం, ప్రేమించుకోవడం వరకే ప్రయాణికుల వంతు. వర్జిన్ దీవుల్లో అద్దెకిచ్చే పడవల్లో చాలావాటికి సరంగు ఉండడు. వంటవాడుండడు. తాళం చేతిలో పెట్టి ‘వెళ్ళి రండి’ అంటారు. అదివరకు పడవ నడిపిన అనుభవం ఏమిటో కాగితం మీద రాసివ్వాలి. నమ్మకం కుదరకపోతే ఒకటి రెండు రోజులు తమ మనిషిని తోడు పంపుతారు. అంతే!

ఇంత ధైర్యంగా ఎలా ఇస్తారంటారా? ఆ సముద్రం అలాంటిది. చిన్నా పెద్దా కలిపి అరవై దాకా దీవులు. ప్రధానమైనది టోర్టోలా. దానికి దక్షిణంగా నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవులు వరస కట్టి నిలబడతాయి. నడుమ ఉన్న నీటికి ఫ్రాన్సిస్ డ్రేక్ పేరు. దీవులు అటూ ఇటూ గోడల్లా అడ్డుండబట్టి మహాసముద్రపు పెద్ద కెరటం లోపలికి రాదు. గాలి ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు వైపు నుంచే, ఇంచుమించు ఒకే తీరుగా వీస్తుంది. ఆటుపోటు తేడా ఒక అడుగో, కాస్త అటో ఇటో. పొద్దున బయలుదేరిన చోటి నుంచే మధ్యాహ్నం చేరాల్సిన దీవి కంటికి కనిపిస్తుంది. ఒక్క అనెగాడా మాత్రం వేరు. అది పగడపు దీవి, బల్లపరుపుగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళేదాకా కొబ్బరిచెట్ల తలలు తప్ప నేల కనబడదు. చుట్టూ మైళ్ళ పొడుగున పగడపు దిబ్బలు. వాటికి తగిలి పోయిన ఓడలు వందల్లో ఉన్నాయి! అందుకే కొత్తవాళ్ళని అటు వెళ్ళనివ్వడానికి పడవలవాళ్ళు వెనకా ముందూ ఆడతారు.

రాజ్యం బ్రిటిష్‌వాళ్ళది, చెల్లేది అమెరికా డాలరు. యోస్ట్ వాన్ డైక్ అనే దీవిలో రేవు కట్ట లేని ఓ ఇసక తీరం ఉంది. పడవ దూరంగా ఆపి, ఈదుకుంటూ వెళ్ళి, జేబులోంచి తడిసిన నోటు తీసి పానీయం కొనుక్కోవాలి. అక్కడి ఓ దుకాణం పేరే ‘తడిసిన డాలరు’ అనే అర్థం వచ్చేది! వర్జిన్ గోర్డాలో ఇళ్ళంతేసి నల్లరాతి గుండ్లు ఒకదానిమీద ఒకటి పడి, వాటి సందుల్లోకి సముద్రం వచ్చి మడుగులు కడుతుంది. కెమెరా ఎక్కడ పెట్టినా ఫ్రేమే.

సినిమావాళ్ళు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. రాబ్ వైట్ అనే అమెరికన్ రచయిత పెళ్ళాంతో కలిసి అక్కడ మెరీనా కే అనే బుల్లి దీవిలో కాపరం పెట్టి, ఆ ముచ్చట పుస్తకంగా రాశాడు. దాన్ని 1958లో ‘వర్జిన్ ఐలండ్’ పేరుతో సినిమా తీశారు. జాన్ కాసవెటిస్, వర్జీనియా మాస్కెల్ జంట. తోడు సిడ్నీ పోయిటియర్, రూబీ డీ. తమాషా ఏమిటంటే ఇంత చల్లటి ప్రేమకథ రాసిన ఆ వైట్ మహాశయుడే ఆ మరుసటి ఏడు ‘హౌస్ ఆన్ హాంటెడ్ హిల్’, ‘ది టింగ్లర్’ వంటి దెయ్యాల చిత్రాలకి కథలు కట్టాడు. దీవి కాపరం ఆయనకేం నేర్పిందో మరి!

సరే, అసలు వినోదం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. పగడపు దిబ్బలు కంటికి ఆనాలంటే సూర్యుడు నెత్తిమీద ఉండాలి గనక అందరూ చీకటి పడక చాలా ముందే రేవు చేరతారు. ముందొచ్చినవాళ్ళు కాళ్ళు బారజాపుకుని, వెనకొచ్చేవాళ్ళు లంగరు వెయ్యడం చూస్తారు. టిక్కెట్టు లేని సినిమా! చక్రం దగ్గర అయ్యగారు, ముందు కొస మీద అమ్మగారు. ఇంజను మోతలో ఆయన అరిచేది ఆవిడకి వినపడదు, ఆవిడ చెప్పేది ఆయన వినడు. ‘వెయ్యి’ అన్నప్పుడు వెయ్యలేదని ఆయన, ‘ఆపు’ అంటే ఆపలేదని ఆవిడ. రేలంగి, సూర్యకాంతం ఈ సీను చేసి ఉంటే థియేటర్లు దద్దరిల్లేవి! తెలివైన జంటలు అరుపులు మానేసి చేతి సైగలు ముందే మాట్లాడుకుంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ సీనులోనే అసలు ప్రమాదం ఉంది. పడవలో నలుగురుంటే పడవ తెలిసినవాడు ఒక్కడే. మిగతా ముగ్గురూ సామానుతో సమానం.

న్యూజెర్సీలో ఉండే ఓ మిత్రుడు, వయసులో పెద్దవాడు, నేను అన్నయ్యా అని పిలుస్తాను, 2023 మార్చిలో కుటుంబంతో అక్కడికి వెళ్ళొచ్చాడు. రెండు వేసవులు శిక్షణ తీసుకున్న మనిషి. ఫోటోల్లో టోపీ, నల్లకళ్ళద్దాలు, చక్రం మీద చెయ్యి... అచ్చం కథానాయకుడే! ఆయన చెప్పిన కథ గాలులూ సూర్యాస్తమయాలూను. ఫోను వదిన చేతికి వెళ్ళాక వేరే కథ విన్నాను.

బయలుదేరేముందు పడవల కంపెనీ మనిషి గంటసేపు అన్నీ వివరించాడట. మాట్లాడిందంతా అన్నయ్యతోనే. చివర్లో ‘ఇంకేమైనా అడగాలా?’ అన్నాడు. వదిన అడిగింది: “ఈయన నీళ్ళలో పడిపోతే నేనేం చెయ్యాలి?”

“మీ అన్నయ్య మొహం చూడాల్సింది తమ్ముడూ! నేనేదో శకునం పలికినట్టు చూశారు. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు. కాగితాలు పక్కన పెట్టి, మళ్ళీ మొదటినించీ నాకు చెప్పాడు.”

ఏం చెప్పాడో వినండి. ఇది సరదా సంగతి కాదు. తెరచాప పడవ ఆరు నాట్ల వేగంతో పోతుంటే నిమిషానికి 185 మీటర్లు దాటిపోతుంది. నీళ్ళలో మనిషి తల కొబ్బరికాయంత. నురగలు తేలే కెరటాల్లో రెండు నిమిషాలు చూపు తిప్పితే మళ్ళీ దొరకదు. కాబట్టి మొదట గట్టిగా అరవాలి, తేలే చట్రాన్ని విసరాలి. ఒకరు, పిల్లలైనా సరే, ఆ మనిషి వైపు వేలు చూపిస్తూ నిలబడాలి. కన్ను తిప్పకూడదు, వేరే పని చెయ్యకూడదు. ఇంకొకరు చక్రం పట్టాలి. ఇంజను వేసేముందు తాళ్ళేవైనా నీళ్ళలో వేలాడుతున్నాయేమో చూడాలి, లేకపోతే పంకాకి చుట్టుకుని ఇంజను చస్తుంది. తెరచాప దించి, నెమ్మదిగా గాలికి ఎదురు వెళ్ళి, మనిషి దగ్గరికి రాగానే పంకా తిరక్కుండా చెయ్యాలి. చేతకాదనిపిస్తే రేడియోలో పదహారో ఛానెల్ తీసి మూడుసార్లు ‘మేడే’ అని, పడవ పేరు, ఉన్న చోటు చెప్పాలి.

వదిన అంతటితో ఊరుకోలేదు. రెండోరోజు డ్రేక్ జలాల మధ్య, చెప్పాపెట్టకుండా, పడవ పక్కన వేలాడే గాలి బుంగ ఒకటి తాడు విప్పి నీళ్ళలో పడేసింది. “అదిగో, మీరు పడ్డారు. ఇక మాట్లాడకండి!” అని చక్రం లాక్కుంది.

పద్నాలుగేళ్ళ కూతురు వేలు చూపించింది. పదేళ్ళవాడు తాళ్ళు పైకి లాగాడు. మొదటిసారి పడవ బుంగని దాటి ఎక్కడికో పోయింది. అమ్మాయి అలల మీదికి పాకిన ఎండ మెరుపుకి ఒక్క క్షణం కళ్ళు మూసింది, అంతే, బుంగ లేదు. తెల్లటి బుంగ, తెల్లటి నురగ. ఇరవై నిమిషాలు వెతికితే మళ్ళీ కనబడింది. “నిజంగా మనిషే అయితే?” అని పిల్ల ఏడ్చిందట. అన్నయ్య నోరు తెరవబోతే ముగ్గురూ కలిసి ‘మీరు నీళ్ళలో ఉన్నారు’ అన్నారట!

రెండోసారి బుంగని పడవ గుద్దేసింది. మూడోసారి పిల్లవాడు కొక్కెం కర్రతో దాన్ని పైకి లాగాడు. ఏడు నిమిషాలు పట్టింది. బుంగకైతే కొక్కెం తగిలించి లాగారు గానీ తడిసిన మనిషిని లాగడం ఇద్దరు ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదని వదినకి అప్పుడే తట్టి, వెనకవైపు నిచ్చెన ఎలా దించాలో కూడా ముగ్గురికీ చూపించమంది. ఆ సాయంత్రం లంగరు దగ్గర అరుపులు లేవు. చక్రం దగ్గర ఆవిడుంది, ముందు కొస మీద ఆయనున్నాడు. ఇంజను మోతలో ఆయనకి వినపడకపోతే ఆవిడ చెయ్యి ఊపింది.

ఈ దీవుల్ని మరీ తేలిగ్గా చూడకూడదు. 2017 సెప్టెంబరు 6న ‘ఇర్మా’ తుపాను వచ్చినప్పుడు, భద్రమైన చోటని టోర్టోలాలో దాచిన పడవలే ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పలు పడ్డాయి. ఇళ్ళ కప్పులు పోయాయి. కొండలమీద చెట్లకి ఆకన్నది లేకుండా గోధుమరంగుకి తిరిగాయి. తిరిగి నిలదొక్కుకోడానికి ఏళ్ళు పట్టింది. ఎక్కువమంది బతుకు పర్యాటకుల మీదే గనక పడవలు త్వరగానే తిరిగొచ్చాయి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. అద్దె తక్కువని ఆ రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళని చూస్తే నాకు అర్థం కాదు.

వాళ్ళు సాల్ట్ ఐలండ్‌కి కూడా వెళ్ళారు. ‘రోన్’ వెనక భాగం తక్కువ లోతులోనే ఉంది. కళ్ళకి అద్దాలు పెట్టుకుని నీళ్ళమీద తేలితే దాని కంచు పంకా కనిపిస్తుంది. పిల్లలు అదే చూసి కేరింతలు కొట్టారు. అన్నయ్య మాత్రం పైకొచ్చి ‘బిసెట్ ఇక్కడే ఈదిందోయ్’ అన్నాడట. వదిన విననట్టు ఊరుకుంది.

విదేశీ లొకేషన్ల కోసం మన యూనిట్లు ఎక్కడెక్కడికో విమానాలెక్కుతున్నాయి. ఏ నిర్మాతగారైనా ఈ దీవుల మీద కన్నేస్తే ఒక చిన్న మనవి: హీరోయిన్ చేతికి ఒక్క షాట్‌లోనైనా చక్రం ఇవ్వండి సార్! పైట ఎగిరే షాటు ఎలాగూ ఉంటుంది. ఫ్యాను కూడా తీసుకెళ్ళక్కర్లేదు, గాలి అక్కడ ఉచితం.