గొలుసు కట్టి లాగొద్దు: ఊరికొక వించ్ కావాలి



మన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో ఏ ఊరి పొలిమేర చూసినా కంపచెట్లే. సుగ్గికి పోయినోళ్ల చేను రెండేళ్లు బీడు పడితే చాలు, మూడో ఏటికి మనిషి దూరలేనంత కంప లేస్తుంది. తుంగభద్ర దిగువ కాలువ కింద పంటకాలువల్లో కంప మొలిచి, పైన పారే నీళ్లు చివరి చేలకు చేరడం లేదు. చేతిలో నాలుగెకరాలున్న రైతుకు అరెకరం కంప కిందే పోతోంది.

ఈ కంప తీయడానికి మనోళ్లు ఎక్కువగా చేస్తున్న పని ఒకటే. ట్రాక్టరు వెనక గొలుసు తగిలించి, రెండో కొస చెట్టు మొదలుకు చుట్టి, ఫస్టు గేరులో లాగించడం. ఇప్పుడు చిన్న ట్రాక్టర్లు పెరిగాయి, వాటితోనూ ఇదే పని. ఈ పద్ధతి మానాలని, దాని బదులు వించ్ వాడాలని, ఆ వించ్‌ను ఎవరికి వారు కాకుండా ఊరంతా కలిసి తెచ్చుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కంపను ఎందుకు పెరకాల్సి వస్తోంది

సర్కారు తుమ్మ ఈ నేల చెట్టు కాదు. అమెరికా ఖండపు ఎండ దేశాల నుంచి వచ్చింది. తెల్లదొరల కాలంలో, 1870ల చివర్లో, అటవీ శాఖ వాళ్లు విత్తనం తెప్పించి నాటిన మొదటి చోట్లలో మన సీమలోని కడప జిల్లా కమలాపురం ఒకటి. వానలేని చోట వంటచెరకు దొరుకుతుందని తెచ్చారు. పేరులోనే సర్కారు ఉంది. మేకలు, గొర్రెలు కాయలు తిని పేడలో గింజలు చేలన్నిటికీ మోశాయి.

దీన్ని నేల మట్టానికి కొట్టేస్తే చావదు. మొదలు దగ్గర భూమి లోపల మొగ్గలుంటాయి. ఒక్క కొమ్మ కొడితే వానాకాలానికి పది పిలకలు లేస్తాయి. జానెడు లోతు తవ్వి, ఆ మొగ్గలున్న భాగం కింద వేరు కోస్తేనే పీడ వదులుతుంది. అందుకే రైతు గొడ్డలితో ఆగకుండా మొద్దు పెరకాలని చూస్తాడు. ఆ ఆలోచన సరైనదే. పెరికే పద్ధతిలోనే ప్రమాదం ఉంది.

గొలుసు కడితే ఏమవుతుంది

చిన్న ట్రాక్టరు బరువు ఎంతో చూడండి. 15 హార్స్‌పవర్ బండ్లు సుమారు 800 కిలోలు తూగుతాయి. దుక్కి నేల మీద టైర్ల పట్టుతో ఏ ట్రాక్టరైనా లాగగలిగేది తన బరువులో దాదాపు సగమే. అంటే మన బండి లాగుడు నాలుగు వందల కిలోల దగ్గర ఆగిపోతుంది. ఇంజనులో ఎంత బలమున్నా టైరు జారాక పనికిరాదు. నల్లరేగడిలో తేమ ఉంటే ఇంకా తక్కువ.

టైరు జారితే డీజిలు పోతుంది, అంతే. జారకుండా పట్టుకుంటేనే ప్రాణం మీదికి వస్తుంది. మొద్దు కదలదు, వెనక టైరు తిరగదు, ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. ఆ బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కాబట్టి ముందు టైర్లు గాల్లోకి లేస్తాయి. గొలుసును టాప్ లింకుకో, ఇరుసు కంటే పైనున్న చోటుకో కట్టి ఉంటే బండి ఇంకా తొందరగా వెనక్కి పడుతుంది. ముందు భాగం లేవడం మొదలయ్యాక ఒక సెకను కూడా పట్టదు, ఇక ఆపలేని చోటు దాటిపోతుంది. క్లచ్ తొక్కుదామని మనసుకు తట్టేలోపే బండి మనిషి మీద ఉంటుంది. మన ట్రాక్టర్లలో చాలా వాటికి తిరగబడితే కాపాడే ఫ్రేము ఉండదు. ఎండకు వేయించిన టాపు ఆ బరువుకు నిలవదు.

ఇంత చెప్పినా గొలుసు కట్టక తప్పని రోజు రావచ్చు. అప్పుడు కిందనున్న డ్రాబార్‌కే కట్టండి. టాప్ లింకు జోలికి పోవద్దు. సడలి ఉన్న గొలుసును ఒక్క కుదుపుతో లాగొద్దు. ముందు చుట్టూ తవ్వి వేర్లు కోసి తర్వాతే లాగండి.

వించ్ అంటే ఏమిటి

బోరులోంచి మోటారు ఎత్తే బండిని అందరం చూశాం. డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టుకుంటుంటే పైపులు పైకి వస్తాయి. మొద్దులు లాగే వించ్ కూడా అదే కుటుంబం. ట్రాక్టరు వెనక మూడు లింకులకు తగిలిస్తారు, పీటీఓ షాఫ్ట్‌తో తిరుగుతుంది. దాని కింద ఒక వెడల్పు ఇనుప పలక ఉంటుంది. పలకను నేలలోకి దించితే అది లంగరులా నాటుకుంటుంది. ట్రాక్టరు కదలదు, తాడే చుట్టుకుంటుంది, మొద్దు మన దగ్గరికి వస్తుంది. టైరు పట్టు మీద ఆధారపడే పని కాదు కాబట్టి చిన్న బండితోనూ ఎక్కువ లాగవచ్చు. ఫిన్లాండ్, నార్వే, స్లోవేనియా లాంటి అడవుల దేశాల్లో చిన్న రైతులు చాలా కాలంగా వాడుతున్నది ఇదే.

అయితే ఒక మాట. వించ్ ఉంది కదా అని తవ్వని పచ్చి మొద్దుకు కట్టి లాగితే రాదు. చిన్న ట్రాక్టరు వించ్ చేసే పని, వేర్లు కోసి వదులు చేసిన మొద్దును బయటికి తీయడం, కొట్టిన కంపను, దుంగలను దారి దాకా ఈడ్చడం. గడ్డపార పని కొంత మిగిలే ఉంటుంది.

ఎంచుకునేటప్పుడు

అమ్మేవాడు హార్స్‌పవర్ చెబుతాడు. మీరు ముందు బరువు అడగండి. చిన్న వించ్‌లు కూడా చాలావరకు నూరు నుంచి రెండు వందల కిలోలు తూగుతాయి. అంత బరువు 800 కిలోల బండి వెనక వేలాడితే ముందు టైర్లు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ముందు వైపు బరువు దిమ్మెలు వేయాలి. వాటికి చోటు లేని బండికి ఆ వించ్ వద్దు.

రెండోది లాగే బలం. మూడు టన్నులు, నాలుగు టన్నులు అని గొప్పగా చెప్పేది చిన్న బండికి పనికిరాదు. మొద్దు రాకపోతే ట్రాక్టరే మొద్దు దగ్గరికి పోతుంది. బలం చాలని చోట కప్పీ వాడాలి. మొద్దుకు కప్పీ కట్టి, దానిగుండా తాడు తిప్పి, కొసను ట్రాక్టరు పక్కనున్న గట్టి చెట్టుకు కడితే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. పెద్ద వించ్ కంటే చిన్న వించ్, మంచి కప్పీ మేలు.

మూడోది తాడు. తాడు తెగే బలం వించ్ లాగే బలానికి కనీసం రెట్టింపు ఉండాలి. 8 మిల్లీమీటర్ల మంచి ఉక్కు తాడు సుమారు మూడున్నర నుంచి నాలుగు టన్నుల దగ్గర తెగుతుంది. అంటే దాన్ని రెండు టన్నులకు మించని వించ్‌కే వాడాలి. డ్రమ్ము మీద తాడు ఎక్కువ వరసలు చుట్టుకునే కొద్దీ లాగే బలం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

నాలుగోది బ్రేకు. క్లచ్ వదిలిన వెంటనే డ్రమ్ము నిలబడాలి, బరువును పట్టి ఉంచాలి. క్లచ్ తాడు పట్టుకుని పక్కకు, దూరంగా నిలబడి నడిపే వీలుండాలి. సీటుకు, డ్రమ్ముకు మధ్య గట్టి ఇనుప జాలీ ఉండాలి. పీటీఓ షాఫ్ట్‌కు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి.

ఇక్కడే నాకు భయం. కొత్తది ఖరీదు కాబట్టి పాత గేర్‌బాక్సు, పైపు ముక్క తెచ్చి వెల్డింగ్ షాపులో డ్రమ్ము కట్టించుకునేవాళ్లు ఉంటారు. మన షాపులవాళ్ల చేతిలో పనితనం ఉంది, కాదనను. కానీ బ్రేకు, జాలీ, తొడుగు లేని వించ్ గొలుసు కంటే ప్రమాదం. ఈ మూడూ పెట్టలేకపోతే చేయించుకోవద్దు.

వాడేటప్పుడు

ట్రాక్టరు, మొద్దు ఒకే వరసలో ఉండాలి. పక్క నుంచి లాగితే బండి పక్కకే పడుతుంది. వంక గట్టు మీద, వాలులో అడ్డంగా నిలిపి లాగొద్దు. పలక దించి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తర్వాతే పీటీఓ వేయండి.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. పంచె కొస, తువాలు, చీర కొంగు ఒక్కసారి చిక్కితే లాక్కోవడానికి టైముండదు. ఆ పని దగ్గర నిక్కరో, బిగుతు ప్యాంటో వేసుకోండి, తువాలు ఇంటి దగ్గర వదిలేయండి. తిరిగే షాఫ్ట్ మీద నుంచి దాటడం ఎవరికీ తగదు.

బిగిసిన ఇనుప తాడు తెగితే కొరడాలా కొడుతుంది. తాడు ఎంత పొడవు వదిలారో అంతకంటే ఎక్కువ దూరంలో జనం ఉండాలి. పిల్లలు, మేకలు కాసేవాళ్లు చేను బయటే. తాడు మధ్యలో మట్టి నింపిన గోనె సంచి వేలాడదీస్తే తెగినా ఎగిరే ఊపు తగ్గుతుంది. బిగిసిన తాడు దాటొద్దు. చేతికి తోలు గ్లౌజు లేకుండా పట్టుకోవద్దు, తెగిన తీగ అరచేతిలో దిగుతుంది. ఒకచోట తీగలు గుత్తిగా తెగినా, తాడు మెలిపడి నలిగినా ఆ ముక్క పనికిరాదు.

తాడుకు ముడి వేయొద్దు. కొసను మడిచి కనీసం మూడు యూ క్లాంపులు బిగించండి. యూ కడ్డీ పొట్టి కొస మీద పడాలి, జీనులాంటి భాగం బరువు మోసే పొడుగు తాడు మీద పడాలి. చాలామంది తిరగేసి బిగిస్తారు. దాంతో బరువు మోసే తాడే నలుగుతుంది.

పనిలో ఇద్దరే ఉండాలి. ఒకరు క్లచ్ దగ్గర, ఇంకొకరు దూరంగా మొద్దును చూసుకుంటూ. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. ట్రాక్టరు శబ్దంలో కేకలు వినపడవు.

జేసీబీ ఉంది కదా అంటారా

ఎకరాలకు ఎకరాలు దట్టంగా కంప పట్టిన బీడుకు జేసీబీయే సరి. దాన్ని వించ్‌తో తీయాలనుకోవడం వృథా. కానీ గట్టు మీద పది చెట్లకు, పక్క చేలో పత్తి నిలబడి ఉన్నప్పుడు, లైనింగు ఉన్న పంటకాలువ పక్కన జేసీబీ పనికిరాదు. పైమట్టి తిరగేసి, గుంతలు చేసి, గట్టు తెంపి పోతుంది. గంటకు వెయ్యి రూపాయల పైన పెట్టి తెచ్చాక మళ్లీ చదును చేయడానికి ఇంకో ఖర్చు. గాలివానకు పడిన వేపను, చింతను చేలోంచి తీయడానికి కూడా వించే మేలు. నిలబడిన వేప, చింత కొట్టాలంటే మాత్రం 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందు అనుమతి తీసుకోండి.

ఎవరు కొనాలి

ఏడాదికి పది రోజుల పని కోసం ఒక్క రైతు వించ్ కొంటే అది అప్పు కిందే లెక్క. మనకు ఇప్పటికే ఉన్న అప్పులు చాలు. ఇది అద్దె యంత్రాల కేంద్రంలో ఉండాల్సిన వస్తువు. కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం తెచ్చింది. రాష్ట్రంలో యంత్ర సేవ పేరుతో రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం గ్రూపు వాటాతో ట్రాక్టర్లు, పనిముట్లు ఇచ్చారు. ప్రభుత్వం మారింది, రైతు భరోసా కేంద్రాల పేరు రైతు సేవా కేంద్రాలయింది. పేరు ఏదైనా కానివ్వండి, గ్రూపుకు యంత్రం ఇచ్చే పద్ధతి నిలవాలి.

అందుకే మన సంఘం నాలుగు విషయాలు గట్టిగా అడగాలి.

ఒకటి, కంప ఎక్కువున్న ఆదోని డివిజన్ మండలాల్లో అద్దె కేంద్రాలకు బ్రేకు, జాలీ ఉన్న చిన్న వించ్, కప్పీ, తాడు సబ్సిడీ మీద ఇవ్వాలి. సబ్సిడీ జాబితాలో లేకుంటే చేర్చాలి.

రెండు, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. పక్క జిల్లాలోనే ఉన్నా మన పిల్లలు ఎందరు అక్కడికి పోయారు? గ్రూపుకు ఇద్దరు డ్రైవర్లను ఖర్చులిచ్చి అక్కడ శిక్షణకు పంపాలి.

మూడు, పీటీఓ తొడుగు లేకుండా, తిరగబడితే కాపాడే ఫ్రేము లేకుండా సబ్సిడీ ట్రాక్టరు ఇవ్వొద్దు. రంగు మీద పెట్టే శ్రద్ధ ప్రాణం మీద పెట్టాలి.

నాలుగు, కాలువల్లో కంప తీయడం జలవనరుల శాఖ పని. దాన్ని ఆయకట్టు రైతు నెత్తిన వేయొద్దు. తమిళనాడులో ఈ చెట్టు తొలగించాలని 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాకా పోయి ఆదేశాలు తెచ్చుకున్నారు. మన దగ్గర ఇంకా రైతు ఒక్కడే గొలుసు పట్టుకుని తిరుగుతున్నాడు.

గ్రామ కమిటీలు వచ్చే సమావేశంలోపు మూడు లెక్కలు రాసి పంపాలి. ఊళ్లో కంప కింద పోయిన చేను ఎంత, కంప పట్టిన పంటకాలువ ఎంత దూరం, చిన్న ట్రాక్టర్లు ఎన్ని. ఆ కాగితాలు చేతిలో ఉంటే వ్యవసాయ శాఖ అధికారుల ముందు కూర్చుని అడగొచ్చు. అంతదాకా మీ ఊళ్లో ఎవరైనా టాప్ లింకుకు గొలుసు కడుతుంటే చూస్తూ ఊరుకోకండి. అన్నయినా, తమ్ముడైనా, తాళం చెవి తీసుకుని బండి ఆపించండి.