మూడోవాడు

మొన్న ఆదివారం ఉదయం, మా అబ్బాయి సైకిలుకు చైను ఊరికే ఊడిపోతోందంటే, మా వీధి మొగనున్న సైకిలు షాపుకు తీసుకువెళ్ళాను. షాపతను వెనక పళ్ళచక్రం విప్పి, తుడిచి, బిగించి, రెండుసార్లు తిప్పి చూసి, "ఎనభై ఇప్పించండి సార్" అన్నాడు. "పది నిమిషాల పనికి ఎనభయ్యా?" అని గద్దించి, యాభై చేతిలో పెట్టి వచ్చేశాను. ముప్ఫై రూపాయలు మిగిల్చానన్న గర్వం సాయంత్రం దాకా నిలిచింది.

సాయంత్రం వాడు రైట్ సోదరుల పాఠం చదువుతూ, "నాన్నా! విమానానికి ఇంజను వీళ్ళెక్కడ కొన్నారు?" అన్నాడు. నేను తెలుగు మేష్టర్ని. పుష్పక విమానం గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. దీనికి మాత్రం పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది.

కొనలేదు! 1902 చివర కంపెనీలకు ఉత్తరాలు రాశారు. పనికివచ్చే జవాబు ఒక్కటీ రాలేదు. అప్పుడు డేటన్ ఊళ్ళో తమ సైకిలు షాపులోనే జీతానికి పనిచేసే చార్లీ టేలర్‌కు అప్పగించారు. అతని దగ్గరున్నవి ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రం, కాగితం ముక్కలమీద గీసిన బొమ్మలు. వాటితోనే ఆరు వారాలలో నాలుగు సిలిండర్ల ఇంజను చేశాడు. 1903 ఫిబ్రవరిలో నడిపితే, మర్నాడే పగిలింది. అల్యూమినియంతో కొత్త పోత పోయించి మళ్ళీ చేశాడు. బరువు సుమారు 180 పౌన్లు, బలం 12 అశ్వశక్తి.

ఇంజను చేయడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. క్రింది రెక్కమీద మధ్యకు కుడిపక్కన ఇంజను, ఎడమపక్కన బోర్లా పడుకొనే మనిషి. తక్కెడ సరిపోవద్దూ? మనిషికన్నా ఇంజను బరువు గనుక కుడి రెక్కను 4 అంగుళాలు పొడిగించారు. ఇంజనునుంచి రెండు పంకాలకు సైకిలు తరహా చైన్లు తగిలించారు. పంకాలు ఒకదానికొకటి ఎదురు తిరగాలని ఒక చైనును మెలివేశారు.

నవంబరులో కిట్టీ హాక్ ఇసుక తిన్నెలమీద నడిపి చూస్తే, ఇంజను కుదుపులకు పంకాల ఇరుసులు చెడ్డాయి. అవి డేటన్ వెళ్ళి, టేలర్ చేతిమీదుగా బాగుపడి వచ్చాయి. ఈసారి పళ్ళచక్రాలు వదులైనాయి. ఎంత బిగించినా నిలవవు. చివరకు వాటిని నిలబెట్టిందేమిటనుకున్నారు? సైకిలు టైర్లు అంటించే గట్టి జిగురు! అంతలో ఒక ఇరుసు పగులిచ్చింది. ఆర్విల్ మళ్ళీ డేటన్ వెళ్ళి, స్ప్రింగు ఉక్కుతో కొత్త ఇరుసులు చేయించి తెచ్చాడు. డిసెంబరు 17న విమానం లేచింది. మొదటిసారి 12 సెకండ్లు, 120 అడుగులు.

ఆనాటి ఫోటోలో అన్నదమ్ములిద్దరే ఉన్నారు. టేలర్ అక్కడ లేడు, డేటన్‌లో ఉన్నాడు. అతని చివరి రోజులు లేమిలోనే గడిచాయి. 1956లో పోయాడు.

అంతా విని మావాడు పాఠం తిరగేసి, "మరి ఇందులో ఆయన పేరు లేదేం?" అన్నాడు.

జవాబు తోచలేదు. చొక్కా తగిలించుకొని వీధి మొగకు నడిచాను. ముప్ఫై రూపాయలు ఇవ్వబోతే షాపతను, "ఇదేమిటి సార్?" అన్నాడు.

"చైను మళ్ళీ ఊడలేదోయ్" అన్నాను. అతని పేరు కూడా అడిగాను. పదేళ్ళుగా అదే షాపుకు పోతున్నాను. పేరడగడం అదే మొదటిసారి.